ఎకరానికి ఎనిమిది ఇళ్లు: వరి రైతు, తినేవాళ్లు కలిసి ప్రకృతి సాగులోకి మారే పద్ధతి

పదేళ్ల కిందట పట్నం నుంచి మా ఊరికి ఎవరైనా వస్తే బియ్యం గురించి ఒక్కటే అడిగేవారు, పాతవా కొత్తవా అని. ఇప్పుడు ప్రశ్నలు పెరిగాయి. ఏ మందు కొట్టారు, ఎన్నిసార్లు కొట్టారు, పాలిష్ ఎంత పట్టారు, షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా, సర్టిఫికెట్ ఉందా అంటున్నారు. కొందరు పొలం చూపించమని కూడా అడుగుతున్నారు. వీటికి విసుక్కునే రైతులు ఉన్నారు. నేను మాత్రం ఈ ప్రశ్నల కోసమే చాలాకాలం ఎదురుచూశాను. కమిషన్ కొట్టు దగ్గర బస్తాలు తూకం వేసి వచ్చేశాక మన ధాన్యం ఎవరి కంచంలోకి వెళ్లిందో మనకు తెలియదు. శ్రద్ధగా పండించినా, ఎలాగోలా పండించినా అక్కడ ఒకటే ధర. తేడా అడిగే మనిషి వచ్చాడంటే తేడాకు విలువ కట్టే మనిషి కూడా వచ్చినట్టే.

ఇక్కడ చెప్పేదంతా కృష్ణా పశ్చిమ డెల్టాలో, తెనాలి చుట్టుపక్కల కాలువ కింద మాగాణి చేసే చిన్న రైతును దృష్టిలో పెట్టుకుని రాసింది. మెట్ట రైతులకు పంటలు, నెలలు మారతాయి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చిరుధాన్యాలతో చేసింది, చెన్నేకొత్తపల్లిలో టింబక్టు కలెక్టివ్ రైతులు చేసింది మెట్ట వాళ్లకు మంచి దారి చూపిస్తాయి. ఎక్కడైనా వరస మాత్రం ఒకటే అని నా నమ్మకం. ముందు తినేవాళ్లు, తర్వాత విత్తనం.

1. దుక్కి కన్నా ముందు లెక్క

మా ప్రాంతంలో మందులతో వేసిన సాంబ మసూరి ఎకరాకు 30 బస్తాలు వస్తుందనుకుందాం. బస్తా అంటే 75 కిలోలు. మందులు మానిన తొలి ఏడాది 20 బస్తాలే వస్తాయని రాసుకోండి. అంతకంటే ఎక్కువ రావచ్చు, కానీ ఆ ఆశను లెక్కలో కలపకండి. 20 బస్తాలంటే 1,500 కిలోల ధాన్యం. తాలు, నూకలు, తవుడు, విత్తనానికి తీసింది పోగా చేతికి వచ్చే బియ్యం సుమారు 950 కిలోలు.

ఇప్పుడు తినేవాళ్ల వైపు చూడండి. ఒక ఇల్లు నెలకు 10 కిలోలు తీసుకుంటే ఏడాదికి 120 కిలోలు. ఎనిమిది ఇళ్లకు 960 కిలోలు. అంటే ఎనిమిది ఇళ్లు మాట ఇస్తే ఒక ఎకరం పంట మొత్తానికి గిరాకీ ఉన్నట్టే.

ఈ లెక్క తెలిశాక నాకు సగం టెన్షన్ తగ్గింది. మార్కెటింగ్ అంటే యాప్, బ్రాండ్, హైదరాబాద్‌లో దుకాణం అనుకుని భయపడేవాణ్ని. నాకు కావాల్సింది ఎనిమిది వంటిళ్లు మాత్రమే.

2. ఆ ఎనిమిది ఇళ్లను వెతకడం

ఈ పని ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టండి. మీ పిల్లల టీచరు, బ్యాంకులో పనిచేసే బంధువు, గుంటూరులోనో విజయవాడలోనో అపార్ట్‌మెంట్‌లో ఉండే మేనత్త, ఇలా ముందు తెలిసినవాళ్లతోనే మాట్లాడండి. దగ్గర ఊరిని వదిలేసి దూరం పోకండి. హైదరాబాద్ పార్శిల్ ఖర్చు కిలోకు నాలుగైదు రూపాయలైనా మింగుతుంది. పైగా అంత దూరం నుంచి పొలం చూడటానికి ఎవరూ రారు.

అమ్ముతామని కాకుండా, ఏం కావాలని అడగండి. రోజూ అన్నంలోకి ఏ బియ్యం, ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారా, పాలిష్ తక్కువ బియ్యం ఇంతకు ముందు వండారా, నెలకు ఎంత పడుతుంది, ఇప్పుడు ఏ ధరకు కొంటున్నారు. జవాబులు పుస్తకంలో రాసుకోండి. మా లెక్కలో తేలింది ఇది: ఎర్ర బియ్యం కావాలని ఉత్సాహంగా అడిగేవారు చాలామంది, కానీ నెలనెలా మానకుండా తినేవాళ్లు కొద్దిమంది. రోజువారీ అన్నానికి అందరూ సన్న తెల్ల బియ్యం వైపే మొగ్గుతారు. అందుకే ఎకరంలో 80 సెంట్లు సన్నరకం, 20 సెంట్లు ఎర్ర రకం అనుకోవడం మంచిది.

మాట ఇచ్చిన ప్రతి ఇంటి దగ్గరా ఏడాది బియ్యం విలువలో కొంత, మూడో వంతు కాకపోయినా ఐదో వంతైనా, అడ్వాన్సు తీసుకోండి. డబ్బు అవసరం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, అడ్వాన్సు ఇచ్చినవాళ్లు పంటను తమది అనుకుంటారు. తుపాను వార్త వస్తే ఫోన్ చేసి అడుగుతారు. పంట నష్టపోతే అడ్వాన్సు ఏమవుతుందో ఆ రోజే మాట్లాడి కాగితం మీద పెట్టండి. వచ్చే ఏడాది బియ్యంలో సర్దుతామనేది ఇద్దరికీ ఒప్పుదలగా ఉంటుంది.

3. ఎంత భూమి మార్చాలి

మూడెకరాలు ఉంటే ఒకటి, ఒకటే ఉంటే అర ఎకరం. మొత్తం ఒకేసారి మార్చకండి.

2021లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిషేధించింది. రైతులకు బదులు ఎరువులు అందలేదు, నేర్చుకునే వ్యవధీ లేదు. దిగుబడి పడిపోయి బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. కొన్ని నెలలకే, నవంబరులో, ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకున్నారు. సేంద్రియ సాగు పనికిరాదని దీన్ని ఉదాహరణగా చెప్పేవాళ్లున్నారు. అది తప్పు అర్థం. నేల మారడానికి సమయం పడుతుందని, ఆ సమయం ఇవ్వకుండా మనిషి మీద రుద్దితే నష్టపోయేది రైతేనని ఆ దేశం చూపించింది.

మన దగ్గర పని వేరేలా జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ఆంధ్రప్రదేశ్‌లో 2016 ప్రాంతంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం మహిళా సంఘాల ద్వారా, అనుభవం ఉన్న రైతులే పక్క రైతులకు నేర్పే పద్ధతిలో ఊరూరా పాకింది. 2024లో దానికి పోర్చుగల్ ఫౌండేషన్ ఒకటి ఇచ్చే గుల్బెంకియన్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో ఈ కార్యక్రమం కార్యకర్త ఉండే అవకాశం ఎక్కువ. రైతు సేవా కేంద్రంలో అడిగితే చెబుతారు. తెలంగాణలో జనగామ జిల్లా ఏనెబావి రైతులు ఇరవై ఏళ్ల కిందటే ఊరంతా కలిసి మందులు మానేశారు. ఒక్కసారి వెళ్లి మాట్లాడి రండి, ఏ శిక్షణ తరగతిలోనూ దొరకని ధైర్యం దొరుకుతుంది.

కౌలు రైతుల సంగతి విడిగా చెప్పాలి. డెల్టాలో పొలం దున్నేవాళ్లలో చాలామంది కౌలుదారులే. నేల బాగుపడటానికి మూడేళ్లు పడుతుంది, కౌలు మాట ఏడాదికే ఉంటుంది. 2019 నాటి చట్టం కింద ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం గడువు కూడా 11 నెలలే. నేను బాగు చేసిన నేలను వచ్చే ఏడాది ఇంకొకరికి ఇస్తే నా గతేంటి అని కౌలు రైతు అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఈ మొత్తం మార్పులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. చేయగలిగింది ఒక్కటి కనిపిస్తుంది. పొలం యజమాని పట్నంలో ఉంటే, తినే ఎనిమిది ఇళ్లలో ఆయన ఇంటిని మొదటిది చేయండి. తన పొలం బియ్యం తానే తినే యజమాని మూడేళ్ల మాటకు ఒప్పుకునే అవకాశం ఎక్కువ. అది కుదరకపోతే సొంత చెక్కలోనే మొదలుపెట్టండి. కౌలు బస్తాలు కట్టాల్సిన పొలంలో తొలి ఏడాది ప్రయోగం వద్దు.

4. వేసవిలో నేలకు తిండి

చాలామంది జీవామృతం, అంటే పేడ, మూత్రం, బెల్లం కలిపి పులియబెట్టిన ద్రవం, పోస్తే చాలు, అన్నీ అవే వస్తాయనుకుంటారు. ఇక్కడ నిజం సూటిగా చెప్పుకోవాలి. 45 కిలోల యూరియా కట్టలో 20.7 కిలోల నత్రజని ఉంటుంది. 200 లీటర్ల జీవామృతంలో కలిపే 10 కిలోల పేడలో, కొద్దిపాటి మూత్రంలో అంత నత్రజని ఉండదు. జీవామృతం నేలలో సూక్ష్మజీవులకు తోడు లాంటిది. ఆ సూక్ష్మజీవులు తినడానికి సరుకు మనమే వేయాలి. ఆ సరుకు పచ్చిరొట్ట, పప్పు జాతి పంటలు, పశువుల ఎరువు, గడ్డి.

అందుకని మినుము తీసిన పొలాన్ని ఎండకు వదిలేయకండి. ఏప్రిల్, మే నెలల్లో నవధాన్యాలు పొడి విత్తనంగా చల్లండి, లేదా జూన్ తొలి వానకు చల్లండి. జీలుగ, జనుము, పిల్లిపెసర, అలసంద, పెసర, ఉలవ, కంది, సజ్జ, జొన్న, కొర్ర, నువ్వు, ఆముదం, గోంగూర, తోటకూర, ధనియాలు, ఇలా ఎన్ని రకాలు దొరికితే అన్ని. అన్నీ కలిపి ఎకరాకు 10 నుంచి 15 కిలోలు. వాన లేకుండా చల్లేటప్పుడు గింజలకు బంకమట్టి, ఘనజీవామృతం, బూడిద పొరలుగా పట్టించి ఆరబెడితే చీమలు, పిట్టలు ఎత్తుకుపోవు, చిన్న జల్లుకే తొందరపడి మొలిచి ఎండిపోవు. 45 రోజులకు పూత దశలో ఉండగా దమ్ములో, అంటే నీరు పెట్టి చేసే బురద దుక్కిలో, కలిపేయండి. దట్టంగా పెరిగిన జీలుగ ఒక్కటే ఒక యూరియా కట్టకు సమానమైన నత్రజనిని నేలకు ఇవ్వగలదు. ఆ మధ్యలో గోంగూర, తోటకూర ఇంటికి వస్తాయి. ఆ ఎనిమిది ఇళ్లకు మీ పొలం నుంచి వెళ్లే తొలి సరుకు ఆకుకూర కావచ్చు.

దుక్కిలో ఘనజీవామృతం వేయండి. 100 కిలోల ఆవు పేడకు కిలో బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి, తడిపేందుకు సరిపడా మూత్రం కలిపి నీడలో ఆరబెట్టేదే ఇది. ఎకరాకు 400 కిలోలు వేయగలిగితే మంచిది. ఆవు లేనివాళ్లు ఉన్నవాళ్ల దగ్గర పేడకు గడ్డి మార్చుకోవచ్చు. కోత మిషన్‌తో కోసిన పొలంలో గడ్డి తగలబెట్టకుండా ఉంటే చాలు, మార్చుకోవడానికి గడ్డి ఉంటుంది.

5. ఏ రకం వేయాలి

సాంబ మసూరి 1986లో బాపట్లలో పుట్టింది, అందరికీ ఇష్టమైన అన్నం. కానీ దానికి ఎండాకు తెగులు, అగ్గితెగులు తొందరగా సోకుతాయి. మందు లేకుండా పండించాలంటే అదే గింజ నాణ్యతతో, ఎండాకు తెగులును తట్టుకునేలా 2008లో హైదరాబాద్ పరిశోధనా సంస్థలు విడుదల చేసిన మెరుగైన సాంబ మసూరి నయం. తెలంగాణ సోనా కూడా సన్నగా ఉంటుంది, తక్కువ రోజుల్లో కోతకు వస్తుంది. దేశవాళీ విత్తనం ఒక్కటే ప్రకృతి సాగు అనే పట్టుదల నాకు లేదు. నేలకు, నీటికి, తినేవాళ్లకు నప్పితే చాలు.

ఎర్ర బియ్యానికి నవార, కుళ్లాకార్ లాంటివి మన రైతుల దగ్గర దొరుకుతున్నాయి. ఒక్క జాగ్రత్త. దేశవాళీ రకాల్లో చాలావరకు పొడుగ్గా పెరిగి గాలికి పడిపోతాయి. మనది తుపాను తీరం. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన పైర్లు నీళ్లలో పడుకున్నాయి. కాబట్టి నవంబరు రెండో వారానికి కోత పడేలా రోజులు లెక్కేసుకుని నారు పోయండి.

6. విత్తనశుద్ధి, నాటు, నీరు

కోడిగుడ్డు తేలేంత ఉప్పు కలిపిన నీటిలో విత్తనం పోసి, తేలిన తాలు తీసేయండి. మిగిలింది మంచినీటితో కడిగి బీజామృతంలో పట్టించండి. 20 లీటర్ల నీటికి 5 కిలోల పేడ, 5 లీటర్ల మూత్రం, 50 గ్రాముల సున్నం, గుప్పెడు మట్టి కలిపి ఒక రాత్రి ఉంచితే బీజామృతం.

కూలీలు దొరికితే శ్రీ పద్ధతి మంచిది. ఎకరాకు రెండు కిలోల విత్తనం, 8 నుంచి 12 రోజుల నారు, 25 సెంటీమీటర్ల దూరంలో ఒక్కో మొక్క. ఆ పద్ధతి 2003లో మన రాష్ట్రానికి వచ్చినప్పుడు చాలామంది చేసి, కలుపు తీత కష్టమై వదిలేశారు. ఆ కష్టం నిజమే. కలుపు తీసే వీడర్ తోలే మనిషి లేకపోతే మామూలు వరస నాటే వేయండి. తూర్పు పడమరలుగా ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట మాత్రం తప్పకుండా వదలండి. గాలి వెలుతురు ఆడే పొలంలో సుడిదోమ తక్కువ.

నీటి విషయంలో ఒక చిన్న గొట్టం మీ పని మార్చేస్తుంది. 30 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న ప్లాస్టిక్ గొట్టానికి కింది సగంలో రంధ్రాలు వేసి, ఆ సగం భూమిలో ఉండేలా పాతి, లోపలి మట్టి తీసేయండి. గొట్టంలో నీరు నేలమట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాకే మళ్లీ నీరు పెట్టండి. పూత సమయంలో మాత్రం పలుచగా నీరు నిలవాలి. ఎప్పుడూ నీరు నిలిచి ఉండే మడిలో గాలి ఆడక భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు పుడుతుంది. ఆరబెట్టి తడిపే పద్ధతిలో అది బాగా తగ్గుతుంది, వేర్లు లోతుకు పోతాయి. కాలువ చివరి భూముల రైతుకు నీరు మిగులుతుంది. మన ఎకరం బియ్యం ఎంత శుభ్రమో చెప్పుకునేటప్పుడు ఆ చివరి రైతును కూడా తలుచుకోవాలి.

7. జీవామృతం

200 లీటర్ల డ్రమ్ములో నీరు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. నీడలో 48 గంటలు, ఉదయం సాయంత్రం కలుపుతూ ఉంచి వారంలోపు వాడేయాలి. 15 రోజులకోసారి ఎకరాకు ఒక డ్రమ్ము. డ్రమ్మును బోదె గట్టున పెట్టి కుళాయి సన్నగా వదిలితే నీటితో పాటే పొలమంతా పారుతుంది, మోత ఉండదు. ఈ కలపడం, మోయడం చాలా ఇళ్లలో ఆడవాళ్ల మీదే పడుతోంది. ఆ గంటలు కూడా పుస్తకంలో కూలీగా రాయండి. ధర కట్టేటప్పుడు అవి కనిపించాలి.

8. పురుగు వచ్చినప్పుడు

నారు పీకాక ఆకుల కొనలు తుంచి నాటండి. కాండం తొలిచే పురుగు గుడ్లు ఆ కొనల మీదే ఉంటాయి, సగం సమస్య మడిలోకి రాకముందే పోతుంది. మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు 8, 10, 15 పక్షి స్థావరాలు పెట్టండి. గట్ల మీద కంది, అలసంద, బంతి వేస్తే మిత్ర పురుగులకు చోటు దొరుకుతుంది. పక్క పొలం మందు మన మడి మీద పడకుండా ఆ కంది వరస కొంతవరకు తెరగా నిలుస్తుంది.

ఆ తర్వాత చేయాల్సింది ఓపికగా చూడటం. సుడిదోమ ఉధృతి చాలాచోట్ల మనం కొట్టిన మందుల వల్లే పెరుగుతుంది. సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చిపోయాక దోమకు అడ్డు ఉండదు. యూరియా ఎక్కువైన లేత పైరు దానికి విందు. రోజూ పొద్దున పదిహేను దుబ్బులు తట్టి చూసి, దోమ ఎన్ని, సాలీళ్లు ఎన్ని అని లెక్క రాయండి. సాలీళ్లు కనిపిస్తుంటే ఆగండి. పెరుగుతోందనిపిస్తే మడి ఆరబెట్టండి, నీమాస్త్రం కొట్టండి. దానికి 100 లీటర్ల నీటిలో 5 కిలోల వేపాకు ముద్ద, ఒకటి రెండు కిలోల పేడ, 5 లీటర్ల మూత్రం కలిపి ఒకటి రెండు రోజులు నానబెట్టాలి. తెగుళ్లకు 100 లీటర్ల నీటికి ఐదారు లీటర్ల పుల్లటి మజ్జిగ చాలామంది వాడుతున్నారు.

అగ్నిఅస్త్రం అనే ఘాటు కషాయం జోలికి మరీ తప్పనప్పుడే వెళ్లండి. అందులో పొగాకు ఉంటుంది. అది మిత్ర పురుగులనూ చంపుతుంది, మన ఒంటికీ మంచిది కాదు. ఇంట్లో తయారు చేశాం కదా అని ముక్కుకు గుడ్డ లేకుండా కొట్టకండి.

9. కోత నుంచి మిల్లు దాకా

తినేవాళ్ల నమ్మకం నిలిచేది, పోయేది ఇక్కడే. పొలంలో ఆరు నెలల శ్రద్ధ మిల్లులో అరగంట అజాగ్రత్తతో పోతుంది.

కోత మిషన్ పక్క పొలం నుంచి వస్తే దాని కడుపులో పక్కవాళ్ల ధాన్యం ఉంటుంది. మిషన్‌ను ఖాళీగా తిప్పించి, తొలి బస్తా విడిగా పట్టి సర్కారు కొనుగోలుకు వేసేయండి. ఎర్ర రకం చెక్క చిన్నదే కాబట్టి మనుషులతో కోయించడమే మేలు.

ఆరబెట్టడం పట్టాల మీదే, రోడ్డు మీద వద్దు. తొలి ఏడాది మేము రోడ్డు పక్కన ఆరబోశాం. బియ్యంలో సన్న రాళ్లు వచ్చాయి. ఒక పెద్దావిడ పంటికి రాయి తగిలిందని ఫోన్ చేశారు. కోప్పడలేదు, అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పలుచగా పోసి, గంటకోసారి కాలితో తిప్పుతూ రెండు మూడు రోజులు ఆరబెట్టండి. ఒకేసారి మండుటెండలో పెడితే గింజ లోపల పగులుతుంది, మిల్లులో నూక అవుతుంది. మర ఆడించడానికి 14 శాతం తేమ, నెలల తరబడి నిల్వకు 12 శాతం దగ్గర ఉండాలి. తేమ మిషన్ కొనుగోలు కేంద్రంలో ఉంటుంది, గుప్పెడు గింజలు పట్టుకెళ్లి చూపించుకోండి. పంటి కింద కటుక్కుమంటే సరిపోయిందనే పాత కొలత అంత కచ్చితం కాదు.

నిల్వ ఎప్పుడూ ధాన్యంగానే. పొట్టు ఉన్నంతకాలం గింజకు రక్ష. మూడు నెలలు మాగితే అన్నం పొడిపొడిగా వస్తుంది. నెలకు ఎన్ని కిలోల ఆర్డర్ ఉందో అంతే మర ఆడించండి. తవుడు పొర ఉన్న బియ్యంలో నూనె ఉంటుంది. పొట్టు తీశాక అది మెల్లగా మక్కుతుంది, పురుగూ తొందరగా పడుతుంది. అందుకే తక్కువ పాలిష్ బియ్యం రెండు నెలలకు మించి ఉంచవద్దని ప్యాకెట్ మీదే రాయాలి.

మిల్లుకు పొద్దున్నే మొదటి వంతుకు వెళ్లండి. రబ్బరు రోలర్లు ఉన్న చిన్న మిల్లు వెతుక్కోండి. ముందు రోజు ఆడించిన బియ్యం మిషన్‌లో మిగిలి ఉంటుంది. మాకు ఒకసారి ఎర్ర బియ్యంలో తెల్ల గింజలు కలిసిపోయాయి. కొన్నవాళ్లు ఫోటో తీసి పంపారు. అప్పటి నుంచి మా తొలి అర బస్తా ధాన్యం మిషన్ శుభ్రం చేయడానికే అనుకుని పక్కకు తీస్తున్నాం. అది ఇంట్లో వండుకుంటాం. నూకలు, తవుడు అడిగి తెచ్చుకోండి, పశువులకు పనికొస్తాయి.

10. ధర

2025–26 సీజన్‌కు ‘ఎ’ గ్రేడ్ ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. మందులతో 30 బస్తాలు, అంటే 22.5 క్వింటాళ్లు పండి, ఆ ధరే అందితే సుమారు 53,750 రూపాయలు. ప్రకృతి సాగులో వచ్చిన 950 కిలోల బియ్యం కిలో 70 చొప్పున అమ్మితే 66,500. మర, సంచులు, రవాణాకు కిలోకు 10 రూపాయలు తీస్తే 57,000 మిగులుతుంది. దిగుబడి మూడో వంతు తగ్గినా కిలో 70 దగ్గర మనం నష్టపోవడం లేదన్నమాట. మీ ఊరి కూలి రేట్లు, మీ దిగుబడితో ఇదే లెక్క మళ్లీ వేసుకోండి. ఇంటివాళ్ల పనికి కూలి కట్టాక వచ్చిన ధరే మీ ధర.

ఆ లెక్క తినేవాళ్లకు చూపించండి. మొహమాటం వద్దు. కిలోలో ఎంత ఎక్కడికి పోతోందో చూసినవాళ్లు బేరం ఆడటం నేను ఇప్పటిదాకా చూడలేదు. ధర ఏడాదంతా ఒకటే ఉంచండి. బజారులో బియ్యం పెరిగినప్పుడు మీరు పెంచకపోతే, తగ్గినప్పుడు వాళ్లు మిమ్మల్ని వదలరు.

11. కాగితాలు

పొలంలో పండించే పనికి 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం వర్తించదు. బియ్యంగా మార్చి ప్యాకెట్లలో అమ్మితే అది ఆహార వ్యాపారం కిందికి వస్తుంది. చిన్న అమ్మకందార్లకు బేసిక్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. వచ్చిన 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద ఉండాలి. పేరు, బరువు, ధర, ప్యాక్ చేసిన తేదీ, మీ చిరునామా, ఫోన్ కూడా రాయాలి. పరిమితులు, ఫీజులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున సరిచూసుకోండి.

సర్టిఫికెట్‌కు చిన్న రైతుకు అందేది పీజీఎస్. కనీసం ఐదుగురు రైతులు గుంపుగా ఏర్పడి, ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుని పూచీ ఇచ్చే పద్ధతి ఇది. మారే దశలో పీజీఎస్ గ్రీన్, పూర్తయ్యాక పీజీఎస్ ఆర్గానిక్ అని ఇస్తారు. కొంత పొలంలో మందులు, కొంతలో సేంద్రియం అని శాశ్వతంగా నడపడం ఇందులో కుదరదు, చివరికి మొత్తం మారాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపమని అడుగుతారు. విదేశాలకు సేంద్రియం పేరుతో పంపాలంటే ఎన్‌పీఓపీ (కేంద్రం నడిపే జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) ధ్రువీకరణ కావాలి, పీజీఎస్ చెల్లదు. ఎనిమిది ఇళ్ల రైతుకు ఆ ఖర్చు దండగ.

సర్టిఫికెట్ రాకముందు ప్యాకెట్ మీద ‘ఆర్గానిక్’ అని రాయకండి. నేరుగా తినేవాళ్లకు అమ్మే చిన్న రైతుకు నిబంధనల్లో కొంత మినహాయింపు ఉన్నా సరే. ‘ఈ ఏడాది ఈ పొలంలో యూరియా, పురుగుమందు, కలుపుమందు వాడలేదు. కాలువ నీరు అందరిదీ. పక్క పొలాల్లో మందులు కొడతారు’ అని ఉన్నదున్నట్టు ఒక చీటీ రాసి సంచిలో పెట్టండి. గుంపు రైతులు ఖర్చు పంచుకుని ఏడాదికి ఒక్కసారి ల్యాబ్‌లో మందుల అవశేషాల పరీక్ష చేయించి, ఫలితం ఏదైనా సరే అందరికీ పంపండి.

12. తినేవాళ్లతో మాట్లాడే తీరు

షుగర్ ఉన్నవాళ్లు తినొచ్చా అని ప్రతి నెలా ఎవరో ఒకరు అడుగుతారు. తక్కువ పాలిష్ బియ్యంలో పీచు ఎక్కువ, కానీ అది కూడా అన్నమే, ఎంత తినాలో డాక్టరును అడగండి అని చెప్పండి. ఈ బియ్యం జబ్బు తగ్గిస్తుందని అమ్మేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. అది నమ్మి ఎవరైనా మందు మానేస్తే ఆ పాపం మనదే. చట్టం కూడా అలాంటి ప్రకటనలను ఒప్పుకోదు.

తొలి ప్యాకెట్‌తో పాటు వండే పద్ధతి రాసి పంపండి. రెండు మూడు గంటలు నానబెట్టాలి, గ్లాసుకు రెండున్నర నుంచి మూడు గ్లాసుల నీళ్లు. అలవాటు లేనివాళ్లు మొదట మామూలు బియ్యంతో సగం సగం కలిపి వండుకోవాలి. ఈ చిన్న కాగితం లేక, అన్నం గట్టిగా వచ్చిందని రెండో నెలకే మానేసిన ఇల్లు మాకు ఒకటి ఉంది. పురుగు కనిపిస్తే ఏం చేయాలో కూడా రాయండి. జల్లించి నీడలో ఆరబెడితే సరిపోతుంది, వద్దనుకుంటే తిరిగి తీసుకుని వేరేవి ఇస్తాం అని. సంచి గుడ్డది ఇచ్చి, వచ్చే నెల ఖాళీది వెనక్కు తీసుకోండి.

ఏడాదికి రెండుసార్లు పొలానికి రమ్మనండి. ఒకటి నాట్లప్పుడు, ఇంకోటి పైరు పొట్ట మీద ఉన్నప్పుడు. పిల్లల్ని తప్పక తీసుకురమ్మనండి. గొట్టంలో నీరు చూపించండి, దుబ్బు తట్టి సాలీళ్లు చూపించండి, పురుగు తిన్న ఆకులు కూడా దాచకుండా చూపించండి.

13. కోత తర్వాత

కోతకు రెండు మూడు రోజుల ముందు, పదును ఉండగానే మినుము చల్లేయండి. అది నేలకు నత్రజని ఇస్తుంది, ఎనిమిది ఇళ్లకు ఇడ్లీ పప్పు ఇస్తుంది. మార్చిలో మినుము ఇంటికి వచ్చాక పుస్తకం తెరిచి దిగుబడి, ఖర్చు, ఎవరు మానేశారు, ఎవరు పక్కింటివాళ్లను చేర్చారు అన్నది చూసుకోండి. పన్నెండు ఇళ్లు అయితే ఇంకో అర ఎకరం మార్చండి. ఆరే మిగిలితే ఆ ఎకరంతోనే ఉండి, మానేసిన రెండు ఇళ్లకు ఫోన్ చేసి ఏం నచ్చలేదో అడిగి రాసుకోండి. ఈలోపు నవధాన్యాల విత్తనాలు ఎండబెట్టి, బంకమట్టి జల్లించి సిద్ధంగా పెట్టుకోండి.